మా వాడి నిద్ర ప్రాజెక్టు: ఇప్పటిదాకా ఏం చేశాం, ఏం తేలింది

పని ఏమిటి

మా వాడికి రెండేళ్లు దాటాయి. రాత్రి ఎనిమిదింటికి పక్క ఎక్కిస్తే తొమ్మిదిన్నరకు గానీ నిద్రపోడు. ఆ గంటన్నరలో నీళ్లడుగుతాడు, దుప్పటి తన్నేస్తాడు, గోడ మీద నీడలకు పేర్లు పెడతాడు, లేచి నిలబడతాడు, ఏడుస్తాడు. చివరికి జోకొడుతూ ఉంటే ఎప్పటికో కళ్లు మూతలు పడతాయి. అర్ధరాత్రి దాటాక మళ్లీ లేచి, మళ్లీ జోకొట్టమంటాడు.

దీన్ని ఒక ప్రాజెక్టులా పెట్టుకుని, ఒకసారి ఒక్క మార్పే చేసి, దేనివల్ల ఏం జరిగిందో రాసి పెడదామని నేనూ మా ఆయనా అనుకున్నాం. మూడు నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే, వాడు బాగా పడుకున్నా ఎందుకు పడుకున్నాడో తెలియదు. పడుకోకపోయినా అంతే.

గురి రెండే పెట్టుకున్నాం. పక్క ఎక్కిన అరగంటలోపు నిద్రపోవాలి. రాత్రి మెలకువ వస్తే, వేరే ఇబ్బందేమీ లేనప్పుడు, తనంతట తానే మళ్లీ నిద్రలోకి వెళ్లాలి. అసలు మెలకువే రాకూడదన్నది మా గురి కాదు, ఎందుకంటే అది ఎవరికీ సాధ్యం కాదు. నిద్ర ఆవృత్తాలుగా నడుస్తుంది. పెద్దవాళ్లకు ఒక్కో ఆవృత్తం సుమారు 90 నిమిషాలు, ఈ వయసు పిల్లలకు గంటకు అటూ ఇటూ. ఒకటి ముగిసి ఇంకోటి మొదలయ్యే చోట నిద్ర పలచబడుతుంది, కాస్త కదులుతాం, దిండు సర్దుకుంటాం, మళ్లీ పడుకుంటాం. పొద్దున అదేదీ గుర్తుండదు. పిల్లలకూ అంతే, పడుకున్నప్పుడు ఎలా ఉందో లేచినప్పుడూ అలాగే ఉంటే.

మొదలుపెట్టే ముందు డాక్టరుకు చూపించాం. రోజూ గురక పెట్టడం, నోటితో ఊపిరి తీయడం, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం ఉంటే టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ వాచి ఉండొచ్చు. కాళ్లు అదేపనిగా కొట్టుకుంటూ కుదురు లేకుండా పడుకునే పిల్లల్లో ఐరన్ తక్కువేమో చూడాలి. చెవినొప్పి, దురద, మలబద్ధకం కూడా నిద్ర చెడగొడతాయి. వీటిలో ఏది ఉన్నా, ముందు దానికి వైద్యం జరగాలి. లోపల ఇబ్బంది ఉన్న బిడ్డకు అలవాట్లు నేర్పబోవడం అన్యాయం. మా వాడికి ఇవేమీ లేవని తేలాకే నోటు పుస్తకం తెరిచాం.

రాసుకున్న కాలం

కొన్నాళ్లు ఏమీ మార్చలేదు, రాసుకోవడమొక్కటే. పొద్దున ఎప్పుడు లేచాడు, మధ్యాహ్నం ఎప్పుడు పడుకున్నాడు, ఎప్పుడు లేచాడు, రాత్రి పక్క ఎప్పుడు ఎక్కాడు, నిజంగా ఎప్పుడు నిద్రపట్టింది, రాత్రి ఎప్పుడెప్పుడు లేచాడు. పక్కనే ఇంకో గడి: కళ్లు నులుముకున్నది, చెవి లాక్కున్నది, ఊరికే పేచీ పెట్టింది ఏ వేళకి.

పక్క ఎక్కిన వేళ, నిద్రపట్టిన వేళ వేరువేరుగా రాయడం ఈ మొత్తంలో బాగా పనికొచ్చిన సంగతి. ఆ రెంటినీ ఒకటిగా రాస్తే అసలు విషయం కనబడదు.

లెక్క చూస్తే రాత్రి తొమ్మిదిన్నర నుంచి పొద్దున ఏడు దాకా, మధ్యాహ్నం రెండు గంటల పైచిలుకు. మొత్తం పదకొండున్నర, పన్నెండు గంటల మధ్య. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో ఇచ్చిన సూచన ప్రకారం ఒకటి, రెండేళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటలు కావాలి. మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు 10 నుంచి 13. అంటే మా వాడికి నిద్ర తక్కువ కావడం లేదు. కావలసినంత పడుకుంటున్నాడు, వాడి శరీరం ఎంచుకున్న వేళకి. ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా జరుగుతున్న పోరు మొండితనం కాదు, ఆ వేళకి వాడికి నిద్ర రావడం లేదంతే.

ఇది అర్థం కావడానికి రెండు సంగతులు తెలిస్తే చాలు. 1982లో అలెగ్జాండర్ బోర్బేయ్ అనే శాస్త్రవేత్త చెప్పిన నమూనా ప్రకారం నిద్రను రెండు శక్తులు నడుపుతాయి. ఒకటి, మేలుకున్న కొద్దీ పేరుకునే నిద్ర ఒత్తిడి. మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పోగవడం దీనికి ఒక కారణం. రెండోది లోపలి గడియారం. అది ఒత్తిడితో సంబంధం లేకుండా ఇది పగలు, ఇది రాత్రి అని చెబుతుంది. సాయంత్రం పొద్దుపోయాక, నిద్రవేళకు కాస్త ముందు, ఈ గడియారం మేలుకోమని గట్టిగా చెప్పే సమయం ఒకటుంది. పెరెట్స్ లావీ అనే నిద్ర పరిశోధకుడు 1986లో దాన్ని నిద్రకు నిషిద్ధ సమయం అన్నాడు. ఆయన పరిశీలించింది పెద్దవాళ్లనే. అయినా పిల్లలున్న ఇళ్లలో ఇది అందరికీ తెలిసిందే. అప్పటిదాకా తూగుతున్న బిడ్డ ఒక్కసారిగా లేచి గంతులేస్తుంది, నిద్ర తేలిపోయింది అంటాం. ఆ వేళలో పక్క మీద పడేసి పడుకోమంటే ఎవరు మాత్రం పడుకుంటారు?

పొద్దున లేచే వేళ, మధ్యాహ్నపు కునుకు

రాత్రిని బాగుచేయాలంటే పొద్దున నుంచి మొదలుపెట్టాలి. లేచే వేళ ఆరున్నర అని ఖాయం చేశాం. రాత్రి ఎంత ఆలస్యమైనా సరే, ఆరున్నరకు కిటికీ తెర తీసేస్తాం. పొద్దుటి వెలుగు కంట పడితే గడియారం ముందుకు జరుగుతుంది, సాయంత్రం నిద్ర కూడా ముందే వస్తుంది. ఆలస్యంగా పడుకున్నాడు కదా, పాపం పడుకోనీ అని ఎనిమిది దాకా వదిలితే, ఆ రాత్రి ఆలస్యం ఇంకో రాత్రికి పాకుతుంది. మనసుకు కష్టంగా ఉన్నా ఇందులో సడలింపు పెట్టుకోలేదు.

మధ్యాహ్నపు కునుకు అంతకుముందు రెండు దాటాక మొదలై నాలుగున్నరకు ముగిసేది. దాన్ని రోజూ కొంచెం కొంచెంగా ముందుకు జరిపి, పన్నెండున్నరకు పడుకోబెట్టడం మొదలుపెట్టాం. రెండుంబావుకు లేపుతాం. నిద్రపోతున్న బిడ్డను లేపడమేమిటని అడిగేవాళ్లుంటారు. లేపే పద్ధతిని బట్టి ఉంటుంది. మేం ముందు తెర కొంచెం తీస్తాం, గదిలో మామూలుగా మాట్లాడుకుంటాం, ఆ తరవాతే వీపు మీద చెయ్యి వేస్తాం. ఎత్తుకుని లేపితే గంటసేపు చిరాకుగా ఉంటాడు.

కునుకు తీసేయాలని మాత్రం అనుకోలేదు. ఈ వయసులో అది కావాలి. చాలామంది పిల్లలు మూడు నుంచి ఐదేళ్ల మధ్య పగటి నిద్ర మానేస్తారు. ముందే తీసేస్తే సాయంత్రానికి అలిసి, వేడెక్కి, ఇంకా పేచీ పెడతారు. అతిగా అలిసిన బిడ్డ త్వరగా పడుకుంటుందనుకుంటాం గానీ, ఒళ్లు బిగబట్టి ఏడ్చే బిడ్డకు నిద్ర రావడం ఇంకా కష్టం.

ఈ ఒక్క మార్పుతోనే సాయంత్రాలు మారాయి. రాత్రి నిద్రపట్టే వేళ మాత్రం కొద్దిగానే జరిగింది.

వెలుగు

చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి, ఇక నిద్రవేళ అని ఒంటికి తెలిపే మెలటోనిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. కంట్లో వెలుగు పడితే ఆ విడుదల తగ్గిపోతుంది. పిల్లల కంటి పాప పెద్దది, లెన్సు తేటగా ఉంటుంది, అందుకే మనకంటే వాళ్ల మీద వెలుగు ప్రభావం ఎక్కువ. ఎంత ఎక్కువో కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ప్రచురించారు. మూడు, నాలుగేళ్ల పిల్లలను పది మందిని తీసుకుని, నిద్రవేళకు ముందు గంటసేపు సుమారు 1000 లక్స్ (లక్స్ అంటే వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగులో ఆడించారు. మెలటోనిన్ దాదాపు 88 శాతం పడిపోయింది. వెలుగు ఆపేసిన 50 నిమిషాల తరవాత కూడా చాలామందిలో అది కోలుకోలేదు. చిన్న అధ్యయనమే, పైగా 1000 లక్స్ ఇంట్లో మామూలుగా ఉండే వెలుగు కన్నా బాగా ఎక్కువ. అయినా ఆ కోలుకోని 50 నిమిషాల గురించి చదివాక మా ఇంట్లో దీపాలను వేరే కంటితో చూశాం.

ఒక సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా వాడి వెంటే తిరిగి, వాడి ఎత్తుకు వంగి, కంట్లో ఏ దీపం పడుతోందో చూశాను. హాల్లో ట్యూబులైటు సరే, తెలిసిందే. అన్నింటికంటే గట్టిగా పడుతున్నది బాత్రూమ్ అద్దం మీది తెల్ల దీపం. పళ్లు తోమేటప్పుడు వాణ్ణి స్టూలు మీద నిలబెడితే ఆ దీపం సరిగ్గా ముఖం ముందుంటుంది. అదీ పక్క ఎక్కడానికి కొద్ది నిమిషాల ముందు. దాన్ని ఆపి, తలుపు బయట పసుపు రంగు చిన్న బల్బు పెట్టాం. పళ్లు కనబడేంత వెలుగు వస్తుంది, అది చాలు.

ఏడు దాటాక హాల్లో ట్యూబులైటు ఆపేస్తాం, మూలన నేలకు దగ్గరగా ఉన్న దీపం ఒక్కటే. ఫోనూ టీవీ నిద్రకు గంట ముందే బంద్, మావి కూడా. స్క్రీను వెలుగొక్కటే కాదు, అందులో కదిలే బొమ్మలు పిల్లల్ని ఉత్సాహపరిచి మేలుకునేలా చేస్తాయి. రాత్రి గదిలో దీపం అవసరమైతే మసక నారింజ రంగుది, కంటి ఎత్తుకు కిందుగా.

వరుస

రోజూ ఒకే వరుసలో ఒకే పనులు చేస్తే పిల్లలకు నిద్ర తొందరగా పడుతుందని పెద్దలు ఎప్పటినుంచో చెప్పేదే. దాన్ని పిల్లల నిద్ర మీద పరిశోధించే జోడీ మిండెల్ బృందం పరీక్షించి 2009లో ప్రచురించింది. 7 నుంచి 36 నెలల పిల్లలున్న 405 మంది తల్లులు అందులో ఉన్నారు. వరుస పాటించిన వాళ్లింట్లో రెండు వారాల్లోనే పిల్లలకు నిద్ర తొందరగా పట్టింది, రాత్రి మెలకువలు తగ్గాయి, తల్లుల మనసు కూడా తేలికపడింది. ఆఖరి మాట నాకు ముఖ్యం. ఇది ఖర్చు లేని పని, ఎవరింట్లోనైనా చేసుకోగలిగేది.

మాది స్నానం, బట్టలు, పాలు, పళ్లు తోమడం, రెండు బొమ్మల పుస్తకాలు, దీపం ఆపడం, ఒక పాట. గోరువెచ్చని స్నానం తరవాత చేతులూ కాళ్ల నుంచి వేడి బయటికి పోయి ఒంటి లోపలి ఉష్ణోగ్రత తగ్గుతుంది, ఆ తగ్గడమే నిద్రకు సాయం. వరుస మొత్తం ఒకే దిక్కుగా సాగేలా చూసుకున్నాం: బాత్రూమ్ నుంచి పడకగదికి, మళ్లీ హాల్లోకి రావడమన్నది లేదు. హాల్లోకి వస్తే బొమ్మలు కనబడతాయి, అక్కడితో వరుస తెగుతుంది.

ఒక్కో పనికీ ఒక్కో బొమ్మ గీసి అట్ట మీద అంటించాం. పక్కన బట్టల క్లిప్పు ఒకటి. పని అయ్యాక క్లిప్పును కింది బొమ్మకు జరపడం వాడి ఉద్యోగం. ఇంతకుముందు "పద, పళ్లు తోముకుందాం" అంటే పరుగెత్తి దాక్కునేవాడు. ఇప్పుడు "క్లిప్పు ఎక్కడుంది నాన్నా?" అంటే తానే వెళ్లి చూస్తాడు. ఆజ్ఞ ఇచ్చేది నేను కాదు, అట్ట. ఈ వయసు వాళ్లకు కాదనడం ఒక ఆట కాబట్టి, అవును కాదు అని జవాబిచ్చే ప్రశ్నలు అడగడం మానేశాం. పడుకుందామా అని అడగం. నీలం చొక్కానా, పచ్చ చొక్కానా అని అడుగుతాం. ఏ పుస్తకం ముందు అనేది వాడిష్టం, పుస్తకాలు రెండే అన్నది మాది.

"ఇంకోటి" అనే మాటకు మాత్రం ఏ కిటుకూ లేదు. ఒకసారి మూడోది చదివితే, మరుసటి రాత్రి నుంచి మూడు చదవాల్సిందే. నీళ్ల గ్లాసు ముందే పక్కన పెట్టేయడం వల్ల ఆ పేచీ పోయింది.

పక్క ఎక్కే వేళను వెనక్కి, ఆ తరవాత ముందుకు

ఈ ప్రాజెక్టులో అసలు మలుపు ఇదే.

ఎనిమిదికి పక్క ఎక్కించడం ఆపేశాం. నిజంగా నిద్రపట్టే వేళ తొమ్మిదింబావు, తొమ్మిదిన్నర కాబట్టి, ఆ వేళకే వరుస ముగిసేలా మొత్తాన్ని వెనక్కి జరిపాం. పొద్దున మాత్రం ఆరున్నరకే లేపడం, కునుకు రెండుంబావుకే ముగించడం. అప్పటికి వాడిలో నిద్ర ఒత్తిడి నిండుగా ఉంటుంది, గడియారం కూడా సరేనంటుంది. పక్క ఎక్కిన కాసేపటికే నిద్రపోయేవాడు. పక్క అంటే కొట్లాట అని వాడి తలలో ఉన్నది మెల్లిగా చెరిగి, పక్క అంటే నిద్ర అన్నది వచ్చింది. నాకూ అంతే. ఎనిమిది కొడుతుంటే నాలో మొదలయ్యే గుబులు తగ్గింది, పిల్లలకు మన గుబులు తెలియకుండా పోదు.

రెండేళ్ల బిడ్డ తొమ్మిదిన్నరకు పడుకోవడమా అని మా ఆయన మొదట సందేహించారు. "అలాగే అలవాటైపోతే?" అన్నారు. ఇది శాశ్వతం కాదు. పావుగంట, ఇరవై నిమిషాల్లో నిద్రపట్టడం వరసగా కొన్ని రాత్రులు స్థిరంగా జరిగాక, పక్క ఎక్కే వేళను పావుగంట ముందుకు జరపాలి. అక్కడ స్థిరపడ్డాక ఇంకో పావుగంట. తొందరపడి అరగంట దూకకూడదు.

ఈ పద్ధతిని ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయంలో మైకేల్ గ్రాడిసార్ బృందం 6 నుంచి 16 నెలల పిల్లలు 43 మందితో పరీక్షించి 2016లో ప్రచురించింది. కొందరికి ఇలా వేళ జరిపారు. కొందరికి, ఏడ్చినా వెంటనే వెళ్లకుండా ఆగే వ్యవధిని పెంచుకుంటూ పోయే పద్ధతి. మూడో గుంపు తల్లిదండ్రులకు నిద్ర గురించిన సమాచారం మాత్రమే ఇచ్చారు. మొదటి రెండు గుంపుల్లోనూ పిల్లలకు నిద్ర తొందరగా పట్టింది. ఏడాది తరవాత చూసినా తల్లీబిడ్డల అనుబంధంలో, పిల్లల ప్రవర్తనలో మూడు గుంపుల మధ్య తేడా కనబడలేదు. ఏడుపు తక్కువతో కూడా పని జరుగుతుందని చూపించింది కాబట్టి నేను వేళ జరిపే దారినే ఎంచుకున్నాను. రెండోది ఎంచుకున్న తల్లిదండ్రుల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అలిసిపోయిన ఇంట్లో ఏది సాధ్యమో ఆ ఇంటివాళ్లకే తెలుస్తుంది.

తొమ్మిదింబావు, తొమ్మిది, ఎనిమిది ముప్పావు, ఎనిమిదిన్నర. ఎనిమిదింబావుకు జరిపేసరికి మళ్లీ పక్కలో దొర్లడం, నీడలకు పేర్లు పెట్టడం మొదలైంది. ఎనిమిదిన్నరకు తిరిగొచ్చాం. ప్రస్తుతానికి వాడి వేళ అదీ. ఎనిమిదిన్నర దాటి కాసేపటికి నిద్ర, ఆరున్నరకు మెలకువ, మధ్యాహ్నం గంటన్నర పైన. కూడితే మొదట్లో రాసుకున్న మొత్తమే ఇంచుమించు వస్తోంది. నిద్ర మొత్తం పెరగలేదు. ఉన్న నిద్ర రాత్రిలోకి సర్దుకుంది, గంటన్నర పోరు మాయమైంది.

చెయ్యి తీసుకోవడం

తొందరగా పడుకోవడం కుదిరాకే దీని జోలికి వచ్చాం. జోకొట్టడం తప్పేం కాదు. ఇద్దరికీ హాయిగా ఉన్నంతకాలం ఎవరైనా నిశ్చింతగా కొనసాగించవచ్చు. మా ఇబ్బంది అర్ధరాత్రిది. కళ్లు మూసేటప్పుడు వీపు మీద చెయ్యి ఉంది, నిద్ర పలచబడి కళ్లు తెరిస్తే లేదు. వాడికి అది ఏదో పోయినట్టే, అందుకే పిలుస్తాడు.

ముందు లయ తగ్గించాను. వాడి ఊపిరి కన్నా కొంచెం నెమ్మదిగా జోకొట్టడం, రెండు దెబ్బల మధ్య ఎడం పెంచుతూ పోవడం. ఎడం మరీ పెద్దదైతే వాడి భుజం చిన్నగా బిగుసుకుంటుంది, అది చెయ్యి కిందే తెలుస్తుంది. అప్పుడు ఇంకో రెండు దెబ్బలు. కొన్ని రాత్రులకు జోకొట్టడం ఆగి, చెయ్యి ఊరికే వీపు మీద ఉండిపోయింది. ఆ తరవాత చెయ్యి వీపు పక్కన, పరుపు మీద. అప్పుడు నా చూపుడు వేలు పట్టుకోవడం మొదలుపెట్టాడు. గుడ్డ ఏనుగు ఒకటి పగలంతా వాడితో తిప్పించి, రాత్రి వేలి పక్కనే దాని చెవి కూడా పిడికిట్లో పెట్టాను. కొన్నాళ్లు రెండూ పట్టుకుని పడుకున్నాడు. తరవాత్తరవాత చెవి ఒక్కటే.

ఆ పైన నేను వాడి పక్క నుంచి కుర్చీలోకి, కుర్చీ పక్క దగ్గర నుంచి గది మధ్యకి, అక్కణ్ణుంచి తలుపు దగ్గరికి. ప్రతి మెట్టు దగ్గరా మొదటి రాత్రి ఏడుపు ఉండేది. కొత్తదానికి నిరసన మొదట పెరిగి తరవాత తగ్గడం మామూలే. ఏడిస్తే దగ్గరికి వెళ్లాను, ఒకే మాట, "బజ్జో కన్నా, అమ్మ ఇక్కడే ఉంది." ఎత్తుకోలేదు, కొత్త కథలు చెప్పలేదు, దీపం వేయలేదు. శాంతించాక మళ్లీ కుర్చీలోకి.

తలుపు దాటే దశలో కొత్త మాట ఒకటి: "నీళ్లు తాగి వస్తా." చెప్పినట్టే వెళ్లి, వాడు పిలవకముందే తిరిగొచ్చాను. పిలవకముందే అన్నది ముఖ్యం. పిలిస్తే వచ్చింది అంటే పిలవడం నేర్చుకుంటాడు, చెప్పినట్టు వచ్చింది అంటే నమ్మకం నేర్చుకుంటాడు. మొదట అరనిమిషంలోనే వచ్చేదాన్ని. వెళ్లి వచ్చే ఎడం పెరిగిన కొద్దీ, ఒక రాత్రి వచ్చి చూసేసరికి నిద్రపోయి ఉన్నాడు. నోటు పుస్తకంలో ఆ రోజు దగ్గర పెద్ద టిక్కు పెట్టాం.

అర్ధరాత్రి

దీనికి విడిగా ఏమీ చేయాల్సిన పని పడలేదు. సాయంత్రం తనంతట తాను పడుకోవడం వచ్చాక రాత్రి పిలుపులు వాటంతటవే తగ్గాయి. కదలడం, ఏనుగు కోసం తడుముకోవడం వినిపిస్తుంది, మళ్లీ సద్దుమణుగుతుంది. వెంటనే పరుగెత్తకుండా కాసేపు వినడం నేర్చుకోవాలి. గునిసే శబ్దం వేరు, పిలిచే ఏడుపు వేరు.

మేలుకోవాల్సిన రాత్రులు ఉంటాయి. ఒంటిగంట దాకా నా వంతు, ఆ తరవాత మా ఆయనది. ఇద్దరిదీ అదే మాట, అదే గొంతు. నాన్న ఒకలా, అమ్మ ఒకలా చేస్తే బిడ్డకు ఏది రేపు ఉంటుందో తెలియదు.

ఒకసారి పడుకున్న గంటన్నరకు కెవ్వుమని లేచాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను గుర్తుపట్టడం లేదు, చెమటలు, దగ్గరికి తీసుకుంటే తోసేస్తున్నాడు. దీన్ని నైట్ టెర్రర్ అంటారు. రాత్రి మొదటి భాగంలో, గాఢ నిద్ర మధ్యలో వస్తుంది. లేపకూడదు, దెబ్బ తగలకుండా పక్కన ఉంటే కొద్దిసేపటికి దానంతటదే తగ్గుతుంది. పొద్దున వాడికి ఏమీ గుర్తుండదు, మనకే గుండెదడ. పీడకల అలా కాదు. అది తెల్లవారుజామువైపు వస్తుంది, బిడ్డ పూర్తిగా మేలుకుంటుంది, భయపడుతుంది, మనల్ని పట్టుకుంటుంది. అప్పుడు ఏ మెట్టూ లేదు, ఏ నియమమూ లేదు, ఒళ్లోకి తీసుకోవాలి.

జలుబు చేసినప్పుడు

ముక్కు మూసుకుపోయి, ఒళ్లు వెచ్చబడ్డప్పుడు ప్రాజెక్టు మొత్తం పక్కన పెట్టేశాం. ఎత్తుకున్నాం, జోకొట్టాం, పక్కలోనే పడుకున్నాం. తగ్గాక మొదటికి వెళ్లకుండా, కుర్చీ గది మధ్యలో ఉన్న మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టాం. కోలుకోవడానికి కొన్ని రాత్రులు పట్టింది, మొదటిసారి పట్టినంత కాలం పట్టలేదు. నేర్చుకున్నది పోదు.

మా అమ్మ వచ్చినప్పుడు ఇంకో పరీక్ష. "జోకొడితే పోయేదానికి ఇంత తంటా ఎందుకే?" అంది. అట్టా క్లిప్పూ చూపించి, వాడే చెబుతాడు చూడమన్నాను. వాడు అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఒక్కో బొమ్మ దగ్గరికీ తీసుకెళ్లాడు. అమ్మ పాట దాకా ఉండి, పాట అయ్యాక తనంతట తనే లేచి వచ్చింది. మధ్యాహ్నం కునుకు మాత్రం అమ్మ ఒళ్లోనే. దానికి నేను అడ్డు చెప్పలేదు, పగటి నిద్రలో వేళ కుదిరితే చాలు.

ఇప్పుడు చేతిలో ఉన్న పని

తెల్లవారుజామున ఐదింబావుకు లేచే రోజులు ఉన్నాయి. ఆ వేళకి నిద్ర ఒత్తిడి దాదాపు తీరిపోయి ఉంటుంది, కాస్త వెలుగు, కాస్త చప్పుడు చాలు. ఆరు దాకా రాత్రి లెక్కే: దీపం వేయం, పాలు ఇవ్వం, మాటలు పెట్టుకోం. కిటికీ తెర పక్క సందులోంచి వెలుగు గీతగా వచ్చి పరుపు తలవైపు పడుతోందని గమనించాం. తెర వెడల్పుది కావాలి, దాని సంగతి ఈ వారం చూడాలి.

వాడు పెరిగేకొద్దీ, వాడు పడుకునే తొట్టికి కమ్మీ ఎత్తు చాలకుండా పోతోంది. నిలబడితే కమ్మీ వాడి ఛాతీ కిందికి వస్తే, లేదా ఎత్తు 89 సెంటీమీటర్లు దాటితే తొట్టి మార్చాలంటారు, ఎక్కి పడిపోయే ప్రమాదం. కొత్త పక్క వేసే ముందే బీరువానూ సొరుగుల బల్లనూ గోడకు బిగించాలి, కిటికీ తెరల తాళ్లు అందకుండా పైకి కట్టాలి. పక్క దిగి వచ్చేస్తే ఏం చేయాలన్నది ఇద్దరం మాట్లాడుకున్నాం: కబుర్లు లేకుండా, కోపం లేకుండా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పడుకోబెట్టడం, ఎన్నిసార్లయినా. మూడేళ్లు దాటాక పాసు పద్ధతి చూడాలి. మనస్తత్వవేత్త పాట్రిక్ ఫ్రైమన్ బృందం 1999లో దీన్ని ప్రచురించింది. పిల్లవాడి చేతికి ఒక కార్డు ఇస్తారు. దానితో రాత్రికి ఒకసారి బయటికి రావచ్చు, ఒక ముద్దో గ్లాసు నీళ్లో అడగవచ్చు, ఆ తరవాత కార్డు తిరిగి ఇచ్చేయాలి. ఇచ్చిపుచ్చుకోవడం అర్థమయ్యే వయసు కావాలి, మా వాడికి ఇంకా రాలేదు.

మెలటోనిన్ చుక్కల గురించి ఇద్దరు ముగ్గురు అడిగారు. డాక్టరు చెప్పకుండా ఇంత చిన్న పిల్లలకు ఇవ్వకూడదు, మేం ఇవ్వలేదు.

తెర మార్చాక ఐదింబావు మెలకువలు ఎలా ఉన్నాయో అదే పుస్తకంలో, అవే గడుల్లో రాస్తాను. అవి తగ్గకపోతే తరవాత మార్చేది కునుకు: పావుగంట తగ్గించి చూడాలి. తెరా కునుకూ ఒకేసారి ముట్టుకోం.